కునుకు కాపలా

మూడో మలుపు దగ్గర ట్రాక్ ఏటవాలుగా ఉంటుంది. ఊడ్చిందంతా కిందికే జారుతుంది కనుక పైగోడ దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. ఈ సంగతి జలంధర్‌కి ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు కిందినుంచి మొదలుపెట్టి, ఊడ్చిందే మళ్ళీ ఊడ్చి, తనను తాను తిట్టుకుని నేర్చుకున్నాడు. ఇప్పుడు పొడుగు కర్ర చీపురు రెండు చేతులా పట్టుకుని, ఒక వరస అయ్యాక ఇంకో వరస అందుకుంటూ, పండగపూట వాకిలి ఊడ్చినంత శ్రద్ధగా ఊడుస్తున్నాడు. నిన్నటి ప్రాక్టీసులో ట్రక్కుల టైర్ల నుంచి రాలిన రబ్బరు పలుకులు చీపురు ముందు నల్లగా పోగవుతున్నాయి. వాటిమీద చక్రం పడితే బండి జారుతుందట. అందుకని పందెం రోజు ట్రాక్ మీద ఒక్క పలుకు కూడా ఉండకూడదు.

నలభై దాటి చాలాకాలమైన మనిషి. పొట్టి. భుజాలు ముందుకు వంగి, ఖాళీ చేతులతో నడిచినా ఏదో మోస్తున్నట్టే కనపడతాడు. సగం తెల్లబడ్డ మీసానికి ప్రతి శుక్రవారం రంగు వేస్తాడు. ఈ శుక్రవారం డ్యూటీ పడింది కాబట్టి వెయ్యలేదు. అరచేతులు ఎంతగా మొద్దుబారాయంటే, పొగలు కక్కే టీ గ్లాసును అందరికంటే ముందు ఆయనే అందుకుంటాడు. క్యాంపులో జలంధర్ ఎవరని అడిగితే సగంమంది తడుముకుంటారు. పసుపాయన అంటే చాలు, గది చూపిస్తారు. మెట్‌పల్లి దగ్గరి తన ఊరికి వెళ్ళొచ్చినప్పుడల్లా డబ్బా నిండా పసుపు తెచ్చుకుని, ఎవరి వేలు తెగినా చిటికెడు అద్దుతాడు. అంతకుమించి ఆయన గురించి చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ప్రపంచకప్పుకి ఇంకా మూడేళ్ళుంది. దోహాలో ఎటు చూసినా గోతులూ క్రేన్లూ. ఫుట్‌బాల్ ఒక్కటే సరిపోదనుకున్నారో ఏమో, మెసైమీర్ దాటి చాలా దూరం పోయాక, ఇసుకలో కోడిగుడ్డు ఆకారంలో ఒక ట్రాక్ పోయించారు ఎవరో పెద్దలు. అమెరికాలో ఆడే ఆటట. పికప్ ట్రక్కులకు బలమైన ఇంజన్లు బిగించి, దానిమీద చుట్టూ చుట్టూ తిప్పుతారు. బయలుదేరిన చోటికే తిరిగి తిరిగి రావడానికి ఇంత ఆర్భాటం ఎందుకని మనం అడగవచ్చు. జలంధర్ అడగలేదు. ఆ ట్రాక్‌లో ఆయనకు నచ్చింది ఒకటే. అది నేలమీద ఉంది.

ఆయన బతుకంతా నేలమీదే గడిచింది. చిన్నప్పుడు తోటివాళ్ళు మామిడిచెట్టు ఎక్కుతుంటే తాను కింద కాయలు ఏరుకునే జట్టులో ఉండేవాడు. పెద్దయ్యాక పసుపు తవ్వాడు, ఉడకబెట్టాడు, ఎండబోశాడు. మస్కట్‌లో ఖర్జూరపు చెట్లకు పాదులు చేశాడు. చెట్టెక్కి గెలలు కోసే పని ఎప్పుడూ పక్కవాడికే వదిలేశాడు. ఖతర్ వచ్చిన కొత్తలో పైపులైను కందకాలు తవ్వాడు. కందకమంటే ఆయనకు ఇంకా హాయి, నేలకంటే కూడా కింద కదా. ఆ పని అయిపోయాక కంపెనీ తీసుకెళ్ళి స్టేడియం కప్పు మీద పడేసింది.

నడుముకు తాడు కట్టుకుని ఇనుప దూలం మీద నడవాలి. రెండోరోజే పొరపాటున కిందికి చూశాడు. అంతే, పైపును కావలించుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆ చేతులు విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. కిందికి తెచ్చాక అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ప్యాంటు తడిసిందన్న సంగతి మాత్రం నగేష్ ఒక్కడికే తెలుసు, ఉతికిపెట్టింది అతనే గనక. నగేష్‌ది జలంధర్ అత్తగారి ఊరు. జలంధర్ భార్య స్వర్ణకు వరసకు తమ్ముడు. తొమ్మిదిమంది ఉండే గదిలో జలంధర్ పై బెడ్డు, అతను కింది బెడ్డు. నిజానికి పై బెడ్డు ఎక్కడానిక్కూడా జలంధర్ నిచ్చెన రెండు చేతులా పట్టుకునేవాడు. కింది బెడ్డు ఇస్తానని నగేష్ ఎన్నిసార్లన్నా, వయసులో ఉన్నవాడివి, ఫోన్లు చూసుకుంటావు, నీకు అదే బాగుంటుందనేవాడు.

ఆ తర్వాత కూడా కప్పు ఎక్కాడు. ఎక్కకపోతే ఇంటికి పంపేస్తారు. ప్రతి పొద్దూ ఎక్కి, ప్రతి సాయంత్రం దిగాక ఎవరూ చూడకుండా మట్టిని చేత్తో తాకేవాడు. ట్రాక్ పనికి మనుషులు కావాలన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. తన జీవితంలో ఆయన ముందుగా చెయ్యెత్తిన సందర్భం అదొక్కటే.

ఇప్పుడు ఈ పందెం అయిపోతే ఇక్కడ కొద్దిమందినే ఉంచుతారు. మూడో మలుపు దగ్గర ఐదుగురున్నారు, ఉండబోయేది ఒక్కడు. మిగిలిన నలుగురూ మళ్ళీ కప్పు మీదికే. ఆ ఒక్కడెవరో సూపర్‌వైజర్ ఎడ్వర్డ్ ఈ సాయంత్రం చెబుతాడు. నగేష్‌కి కప్పంటే లెక్కలేదు, పైన గాలి బాగుంటుందంటాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు బంగ్లాదేశీలు, ఒకడు నేపాలీ; వాళ్ళకూ ఎక్కడైనా ఒకటే. జలంధర్‌కి మాత్రం ఒకటి కాదు.

టీ వేళకు స్వర్ణ ఫోన్ చేసింది.

"ఏం జేస్తున్నవ్?"

"ఊడుస్తున్న."

"ఇంట్ల ఒక్కనాడు చీపురు పట్టకపోతివి. దుబాయ్‌ల పడితివా?"

ఇది దుబాయ్ కాదని చెప్పడం ఆయన ఎప్పుడో మానేశాడు. "ఇయ్యాల బండ్ల పందెం. సుట్టూ తిరుగుతయి."

"తిరిగి యాడికి పోతయి?"

"యాడికి పోవు. ఆడ్నే తిరుగుతయి."

 "కల్లం తొక్కిచ్చినట్టా?"

"గట్లనే."

"కల్లం తొక్కిస్తే గింజలన్న రాలుతయి."

"ఈడ సుత రాలుతయి. రబ్బరు గింజలు. అవే ఎత్తిపోస్తున్న."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "కింది పని ఖాయమైనట్టేనా?"

"పొద్దుగూకినంక జెప్తరు."

"నీ గొంతేంది గట్ల ఎండుకపోయింది? నీళ్ళు తాగుతున్నవా?"

"తాగుతున్న" అన్నాడు.

అబద్ధం. బాత్‌రూములు ఎక్కడో గేటు దగ్గరున్నాయి. పోవాలంటే వాకీటాకీలో అడిగి, ట్రాక్ చుట్టూ నడిచి, మళ్ళీ రావాలి. ఈ ఒక్కరోజూ తన చోట తాను కనపడకుండా పోకూడదని నిన్న సాయంత్రమే నిశ్చయించుకున్నాడు. అందుకని నీళ్ళ సీసాను పెదవులు తడుపుకోవడానికే వాడుతున్నాడు. ఎంత అమాయకపు తెలివి. మే నెల ఎండలో, తారు మీద, చీపురు పట్టుకుని ఆ తెలివి ఉపయోగించాడు.

ఎండ నడినెత్తికి రాకముందే ఎడ్వర్డ్ చిన్న బ్యాటరీ బండిలో వచ్చాడు. రాజోలు దగ్గరి మనిషి. మదీనత్ ఖలీఫాలో పెళ్ళాం బిడ్డలతో ఉంటాడు. ఈ దేశంలో సెలవు శుక్రవారమే కనుక చర్చి కూడా ఆ రోజే; అక్కడి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా ఇస్త్రీ ఇంకా నలగలేదు. చెడ్డవాడు కాదు. అరుస్తాడు, మళ్ళీ తనే వచ్చి టీ తాగారా అని అడుగుతాడు.

"ఏం జలంధర్, అంతా క్లీనేనా?"

"క్లీన్ సార్."

"మొహం అలా పీక్కుపోయిందేంటి? ఏవన్నా తిన్నావా లేదా?"

"తిన్న సార్. మంచిగున్న."

"పందెం జరుగుతున్నంతసేపూ మీ ఐదుగురి హెల్మెట్లూ నాకు టవర్ మీద నుంచి కనపడుతుండాలి. పెద్దవాళ్ళంతా వస్తున్నారు. ఎవరూ అటూ ఇటూ వెళ్ళకండి." బండి తిప్పుకున్నాడు. జలంధర్ వైపు చూసి ఇంకేదో అనబోయి ఆగాడు. "సరే, నీతో సాయంత్రం మాట్లాడదాంలే."

ఆ మాట జలంధర్‌ని పట్టుకుంది. సాయంత్రం మాట్లాడేది ఉంచడానికా, పంపడానికా? నగేష్‌ని అడిగాడు.

"మంచిదే అయితది బావా. చెడ్డదైతే మొకం మీదనే అంటుండె" అన్నాడు నగేష్. "నిన్ను పైకి పంపితే గా పైపును సుత కిందికి దింపాల్సొస్తదని ఆయనకు ఎరికే."

జలంధర్ నవ్వాడు గాని, నవ్వుతుంటే తల పోటెక్కింది.

పొద్దు వాలుతుండగా చేసే అసర్ నమాజు అయ్యాక జనం మొదలయ్యారు. వెస్ట్ బే నుంచి వచ్చిన పెద్దపెద్ద కార్లు నీడలో ఆగాయి. కంపెనీ బస్సులు అరడజను క్యాంపుల నుంచి కూలీలను తెచ్చి దించాయి. టీవీలో కుర్చీలు ఖాళీగా కనపడకూడదు కదా, వాళ్ళకు తలా ఒక టోపీ, బిర్యానీ పొట్లం ఇచ్చి కూర్చోబెట్టారు. ట్రక్కులు వరసగా నిలబడి గుర్రుమంటున్నాయి. అంబులెన్సు ఒకటి, దానిలో ఇద్దరు డాక్టర్లు, మూడో మలుపుకు పిలిస్తే పలికేంత దూరంలో సిద్ధంగా ఉన్నారు.

జలంధర్ టైర్ల గోడ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. దానిమీద కాలితో ఇసుక తోశాడు. తిరిగేసరికి నగేష్ నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బావా? సారుకు జెప్తా. అంబులెన్సు గాడనే ఉన్నది."

"జెప్పకురా. బీమారోడంటరు. బీమారోన్ని ఎవడు ఉంచుకుంటడు?" జలంధర్ టైరు పట్టుకుని నిలబడ్డాడు. "జర కండ్లు మూస్తే అదే తక్కువైతది."

ఇక్కడొక సంగతి చెప్పాలి. పనివాళ్ళలో కునుకు కాపలా అని ఒకటుంది. ఎవరికైనా కళ్ళు వాలిపోతుంటే వాడు ఏ మూలో కాసేపు ఒరుగుతాడు; మిగతావాళ్ళు వాడి పని పంచుకుంటారు, ఫోర్‌మన్ అడిగితే అబద్ధమాడతారు. నిద్రపోయేవాణ్ణి లేపడం ద్రోహం కింద లెక్క. ఆ విద్యలో జలంధర్‌ని మించినవాడు లేడు. మక్కచేలలో పందుల కోసం నిలబెట్టే బెదురుబొమ్మను చూసి పెరిగినవాడు, చీపురుకర్రను ఇసుకలో పాతి, దానికి డ్యూటీ జాకెట్టు తొడిగి, పైన హెల్మెట్టు పెడితే దూరం నుంచి అచ్చం మనిషేనని కనిపెట్టింది ఆయనే. ఆ బొమ్మ నీడన ఎంతమందిని పడుకోబెట్టాడో. తాను మాత్రం ఒక్కసారీ పడుకోలేదు.

అందుకే ఇవాళ నలుగురూ పోటీపడ్డారు. నేపాలీ గోడ వెనక అట్టముక్కలు పరిచాడు. బంగ్లాదేశీ ఒకడు తన తువ్వాలు తడిపి ఇచ్చాడు. నగేష్ బావ హెల్మెట్టు తీసి, జాకెట్టు విప్పి, చీపురు పాతి, రెండడుగులు వెనక్కి జరిగి చూసి, భుజం కొంచెం సరిచేశాడు.

"నీకంటే గీడే సక్కగున్నడు బావా."

"మీ అక్కకు జెప్పకు" అన్నాడు జలంధర్. బూట్లూ సాక్సులూ విప్పుకుని ఒరిగాడు.

ట్రక్కులు బయలుదేరాయి. వీపు కింద భూమి అదిరింది. ఒక చుట్టు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. అదిరినా నేలే కదా, పడేదేమీ ఉండదు అనుకున్నాడు. తల పోటు ఎవరో పక్కకు తీసి పెట్టినట్టు తగ్గింది. తడి తువ్వాలు కళ్ళ మీదికి లాక్కున్నాడు.

పందెం సగంలో ఉండగా అవతలి వంపులో ఒక ఎర్ర ట్రక్కు గోడను రాసుకుని, గిర్రున తిరిగి, వెనకవాడిని గుద్ది పడిపోయింది. పసుపు లైట్లు వెలిగాయి. మిగతా ట్రక్కులన్నీ వేగం తగ్గించి బుద్ధిగా వరస కట్టాయి. అంతసేపు చెవులు చిల్లులు పడేలా ఉన్న మోత ఒక్కసారి అణిగింది. ఆ నిశ్శబ్దంలో గోడ వెనక నుంచి గురక వినిపించింది. మామూలు గురక కాదు, గొంతులో నీళ్ళు ఉడికినట్టు గురగురమని, ఆగి, మళ్ళీ లాగి. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. నగేష్ నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

వాకీటాకీలో ఎడ్వర్డ్ గొంతు పలికింది. "మూడో మలుపు వాళ్ళు రండి, ఇక్కడ అద్దం పెంకులున్నాయి, ఆయిల్ ఉంది. నలుగురు చాలు. ఆ చివరి హెల్మెట్టు ఎవరు, జలంధరా? అతన్ని అక్కడే ఉండమను. ఒకడు ఉండాలి."

"ఉంటడు సార్" అన్నాడు నగేష్.

నలుగురూ పరుగెత్తారు. ఆయిల్ మీద పొడి చల్లి, పెంకులు ఊడ్చి, గోనె సంచుల్లో ఎత్తారు. అంబులెన్సు వచ్చింది, ఇద్దరు డాక్టర్లూ దిగారు. ట్రక్కు కిటికీలోంచి డ్రైవర్ తనంతట తానే బయటికి వచ్చి, గ్లోవ్స్ తీసి, జనానికి చెయ్యూపాడు. డాక్టర్లు వాడి కళ్ళల్లోకి లైటు వేసి చూశారు, నాడి పట్టుకున్నారు, నీళ్ళు తాగించారు. వాడికి మోచెయ్యి గీసుకుపోయింది. టోపీల జనం లేచి చప్పట్లు కొట్టారు. నగేష్ కూడా కొట్టాడు.

మళ్ళీ లైట్లు మారాయి, మళ్ళీ మోత. తన చోటికి తిరిగొచ్చిన నగేష్ గోడ వెనక్కి తొంగిచూశాడు. బావ పక్కకు తిరిగి పడుకున్నాడు. అంత మోతలో గురక వినపడే మాటే లేదు. పొద్దున్నుంచి ఒక్కడే రెండు వరసలు ఎక్కువ ఊడ్చాడు, పడుకోనీ అనుకున్నాడు.

పందెం అయిపోయింది. గెలిచినవాడెవడో ట్రక్కు మీదికెక్కి గంతులు వేస్తున్నాడు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. నగేష్ గోడ దాటి వెళ్ళాడు.

"లే బావా. అయిపోయింది. సారు అస్తున్నడు, లే."

కాలితో మెల్లగా తట్టాడు. తువ్వాలు తీశాడు. జలంధర్ కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. మీసం మీద ఇసుక ఉంది. చెయ్యి పట్టుకుని లాగితే చెయ్యి ఒక్కటే వచ్చింది, మనిషి రాలేదు. నగేష్ ఆ చేతిని మళ్ళీ ఎక్కడిది అక్కడ జాగ్రత్తగా పెట్టాడు. ఎందుకలా పెట్టాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు.

నేపాలీ అంబులెన్సు వైపు పరుగెత్తాడు. అది రావడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయంత్రమంతా అది అంత దగ్గరలోనే ఉంది. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని గుండె మీద నొక్కాడు, గొంతులో గొట్టం పెట్టాడు, మళ్ళీ నొక్కాడు. కాసేపటికి చేతులు తీసేశాడు. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడని హిందీలో అడిగాడు. 

ఎడ్వర్డ్ టవర్ మీద నుంచి వచ్చాడు. నేలమీద ఉన్న మనిషిని చూశాడు. తలెత్తి గోడ మీదుగా కనపడే హెల్మెట్టును చూశాడు. మళ్ళీ నేలమీద మనిషిని చూశాడు.

"అదేంటి, నేను చూస్తూనే ఉన్నాను కదా" అన్నాడు. "ఇప్పటిదాకా ఇక్కడే నిలబడి ఉన్నాడు. ఐదుగురూ ఉన్నారు. నేను ఎన్నిసార్లు చూశానో."

 ఎడ్వర్డ్ ఆ బొమ్మ దగ్గరికి వెళ్ళి జాకెట్టు చేతిని పట్టుకుని చూశాడు. ఖాళీ చెయ్యి. వదిలేశాడు. ఒక టైరు మీద కూలబడ్డాడు.

"పొద్దున్నే ఆఫీసులో చెప్పేశాను, జలంధర్‌ని ఇక్కడే ఉంచుకుంటున్నానని. అప్పుడే చెబుదామనుకున్నాను. పెద్దవాళ్ళు వచ్చే రోజు, ముందే చెబితే పని తేలిగ్గా తీసుకుంటాడేమోనని..." అక్కడితో ఆగిపోయాడు.

"పండుకున్నడని తెలిస్తే ఏమంటుంటిరి సార్?" అని అడిగాడు నగేష్. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"ఒంట్లో బాలేదంటే ఏమంటానయ్యా? నేనే ఎత్తుకెళ్ళి ఆ అంబులెన్సులో పడుకోబెట్టేవాణ్ణి కదా."

స్ట్రెచరు తెచ్చారు. పైన తెల్లగుడ్డ కప్పారు. తలుపు వేస్తుంటే నగేష్ ఎడ్వర్డ్ ముంజేయి పట్టుకున్నాడు. మామూలప్పుడైతే ఆ పని చెయ్యడు.

"గురక వెట్టిండు సార్. మేమందరం విన్నం."

"ఊరుకో నగేష్."

"రూముల ఆయన కింది బెడ్డు నాదే. ఇన్నేండ్లల్ల ఒక్క రాత్రి గురక వెట్టలే. మా బావ గురక వెట్టే మనిషే కాదు సార్. నాకు ఎరికే. నాకు ఎరికై సుత నవ్విన."

  అక్కకు ఫోన్ చెయ్యవలసింది తనేనని నగేష్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీశాడు, పేరు చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మాటలు కాదు గదా, అక్షరాలు కూడా ఒకదాని పక్కన ఒకటి నిలబడటం లేదు అతని లోపల.

అంబులెన్సు సైరన్ లేకుండా వెళ్ళిపోయింది. వెనకే ఎడ్వర్డ్ బండిలో నగేష్ కూర్చున్నాడు, ఒళ్ళో బావ బూట్లు. కూలీల బస్సులు ఒకటొకటిగా కదిలాయి. నేపాలీ జాకెట్టు విప్పి మడిచాడు, చీపురు పీకి మిగతావాటితో కట్ట కట్టాడు, అట్టముక్కలు ఎత్తాడు. గోడకు అవతలివైపు, ఎండ చివరిదాకా పడే చోట, ఒక టైరు మీద జలంధర్ ఆరేసుకున్న సాక్సులు ఎవరికీ కనపడలేదు. చెమట ఆరిపోయి, ఉప్పు చారలు తేలి, కాళ్ళ ఆకారంలోనే బిగుసుకుని రెండూ పక్కపక్కనే ఉన్నాయి.